దీనమ్మగారి తెల్ల చీర

శనివారం పొద్దున్న పది గంటలకి, చర్చిలో స్త్రీల సమాజం కూడికకి బయల్దేరుతూ, గడపలో చెప్పులు తొడుక్కుంటూ దీనమ్మగారు కోడలితో ఒక మాట అన్నారు. పాలు పొంగకుండా చూసుకోమని చెప్పినంత మామూలుగా అన్నారు.

"సాయంత్రం ఐదింటికి వచ్చేస్తాను తులసీ. వచ్చాక నా ట్రంకు పెట్టె తీద్దాం. అడుగున తెల్ల చీర ఒకటుంటుంది, నా పెళ్ళి చీర. సోమవారం ఆపరేషన్లో నాకేమన్నా అయితే అదే కట్టి పంపాలి. మా అక్కకి ఎప్పుడో చెప్పి ఉంచాను గానీ, అదెక్కడో మొగల్తూరులో ఉంది, టైముకి వస్తుందో రాదో. నీకూ తెలిసుంటే మంచిది కదా."

రామతులసి సరేనని తలూపింది. కానీ ఆ పెట్టెలో ఆ చీర లేదు. మంగళవారమే తన చేతులతో తీసి, పాత బట్టలకి సామాన్లిచ్చే వీరబాబుకి వేసేసింది. బదులుగా వచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు పెరట్లో కుళాయి కింద ఉంది. అత్తగారు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, లోపలికొచ్చి, పెట్టె మూత ఎత్తి మళ్ళీ వెతికింది. లేదని తెలిసీ వెతకడం మనుషులందరం చేసే పనే.

వాళ్ళ ఇల్లు ధవళేశ్వరంలో, కాలవ గట్టుకి దగ్గర్లో, రెండు గదులూ ఒక వసారా. దీనమ్మగారికి అరవై ఆరేళ్ళు. భర్త సాల్మన్ గారు బ్యారేజీ మీద గేట్లెత్తే లస్కరు ఉద్యోగం చేసి, ఆరేళ్ళ కిందట పోయారు. ఒక్కడే కొడుకు, రమేష్ బాబు. కడియం నర్సరీల నుంచి మొక్కల లోడ్లు తోలే చిన్న వ్యాను నడుపుతాడు. తులసిది మండపేట వైపు హిందూ రైతుల కుటుంబం. నాలుగేళ్ళ కిందట రాజమండ్రి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో అయిన పెళ్ళి అది. గుళ్ళోనూ కాదు, చర్చిలోనూ కాదు. అటు వాళ్ళు రాకపోకలు మానేశారు. ఇటు దీనమ్మగారు కోడలిని ఒక్క మాట అనలేదు గానీ, ఒక్క మాట దగ్గరగా కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. వంట దగ్గర ఉప్పు ఎంతో, మాత్రలు ఎప్పుడో, అంతే.

అసలు పెట్టె జోలికి వెళ్ళడానికి కారణం కూడా మంచిదే. దీనమ్మగారి గుండెకి రక్తం తీసుకెళ్ళే మూడు గొట్టాల్లో రెండు పూడుకుపోయాయి. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలపాటు ఇంట్లో దుమ్మూ ధూళీ ఉండకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఎలాగూ క్రిస్మస్ ముందు రంగులు వేయించాలి. పనికిరానివన్నీ తీసెయ్యమని దీనమ్మగారే అన్నారు. తులసి ఫోన్లో ఒకావిడ వీడియోలు చూసింది. ఏడాదిపాటు ముట్టుకోని వస్తువు మీది కాదు, ఇంకెవరిదో అని నవ్వుతూ చెబుతుంది ఆవిడ. మంగళవారం రమేష్ తల్లిని టెస్టులకి తీసుకెళ్ళగానే తులసి కొంగు బిగించింది. పదేళ్ళ కేలండర్లు, చిరిగిన కాగితపు నక్షత్రాలు, కర్ర విరిగిన గొడుగు, మాసిపోయిన పరుపు, పాత చీరలు. ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టనిపించి ఆ ఊపులో పెట్టె కూడా తెరిచింది.

అడుగున, వేపాకుల మధ్య, ఒంటరిగా ఒక తెల్ల చీర. జరీ లేదు, మెరుపు లేదు, సన్నటి నీలం అంచున్న నూలు చీర, మడతల దగ్గర పసుపు పచ్చగా మారింది. చర్చిలో పెళ్ళికూతుళ్ళని తులసి చూడకపోలేదు. వాళ్ళవి ధగధగలాడే తెల్ల చీరలు. ఇది అలాంటిది కాదు. ఇది చూడగానే ఆమెకి వాళ్ళ నాన్నమ్మ గుర్తొచ్చింది. తాతగారు పోయిన పదకొండో రోజు నుంచి కట్టె కాలేదాకా ఆవిడ ఇలాంటి చీరలే కట్టింది. మావయ్యగారు పోయినప్పుడు ఎవరో తెచ్చి అత్తగారికి పెట్టి ఉంటారు, కట్టలేక దాచేసి ఉంటారు, అనుకుంది. గోడ మీద అత్తామావల పెళ్ళి ఫోటో ఉంది గానీ, నలుపు తెలుపు ఫోటోలో ఏ చీరైనా తెల్లగానే కనబడుతుంది. గుండె ఆపరేషన్ పెట్టుకుని ఇంట్లో ఇలాంటిది ఉంచకూడదని, అన్నిటికంటే ముందు ఆ చీరనే మూటలో వేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారి మనసు నొచ్చుకుంటుందని. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అందుకే అంటారు.

రమేష్‌కి ఫోన్ చేసింది. అతను తుని దాటి ఉన్నాడు, రాత్రికి గానీ రాలేడు. విషయమంతా విన్నాడు. తర్వాత, అమ్మకి మాత్రం ఇప్పుడు చెప్పొద్దన్నాడు. టెన్షన్ పెట్టొద్దని, బీపీ పెరిగితే ఆపరేషన్ వాయిదా పడుతుందని, ఒక్కోసారి వాయిదా దాకా కూడా వెళ్ళదని డాక్టరు గారు అన్న మాట గుర్తుచేశాడు. ఆ చివరి మాట తులసి చెవిలోనే ఉండిపోయింది. ఐదింటిలోగా చీర దొరికి పెట్టెలోకి వెళ్ళాలి. దొరక్కపోతే ఆ పెట్టె తెరిచిన క్షణంలోనే మనిషి ఏమైపోతుందో.

పక్కింటి రెబెక్కా దగ్గర వీరబాబు నంబరు ఉంది. అతను కాలవ లాకుల దగ్గర టీ కొట్లో దొరికాడు. బండి వెనకాల స్టీలు బిందెలూ, టబ్బులూ కట్టి ఉన్నాయి. తులసి కంగారు చూసి, ముందు టీ తాగండి మేడంగారు అన్నాడు. తెల్ల చీర అనగానే తల గోక్కున్నాడు. రోజుకి పాతిక ఇళ్ళు తిరుగుతాడు, ఏ ఇంటి చీర ఏదో గుర్తుండదు. మంగళవారం సరుకంతా బుధవారమే రాజమండ్రిలో గోనెలకెత్తి అమ్మేశాడు. అవి ఇంజన్లు తుడిచే గుడ్డలకి ముక్కలై పోతాయి. మెత్తటి నూలు చీరలు మాత్రం ఓ ఐదు ఏరి బొబ్బర్లంకలో బొంతలు కుట్టే రత్తమ్మకి ఇచ్చాడు. ఆ ఐదింట్లో తెల్లది ఉందా అంటే, ఉండొచ్చు, లేకపోవచ్చు.

"దొరికితే రత్తమ్మ దగ్గరే దొరకాలండి. లేదంటే ఇక దాని గురించి అడక్కండి," అన్నాడు. ఆ మాట అన్నాక అతనికీ టీ సహించలేదు.

షేర్ ఆటోలో బ్యారేజీ దాటుతుంటే ఎన్ని గేట్లు వెనక్కి వెళ్ళాయో, నీళ్ళున్నాయో లేవో తులసికి తెలియదు. చీర ముక్కలుగా కోసి, నల్లటి నూనె పూసి, ఏదో లారీ షెడ్డులో నేల మీద పడున్నట్టే కనిపిస్తోంది. ఆటోవాడు మనుషుల కోసం ప్రతి మలుపులో ఆపుతుంటే, దిగి నడుద్దామా అనిపించింది.

రత్తమ్మ ఇల్లు లంక రోడ్డు పక్కనే. వసారాలో ఈతచాప, చాప మీద సగం కుట్టిన బొంత. పక్కన అరవై దాటిన ఆవిడ, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారి, చేతిలో దబ్బనం. తులసి నోరు తెరిచి అడగనక్కర్లేకపోయింది. బొంత పై పొర తెల్ల చీరే. సన్నటి నీలం అంచు. దాని మీద రెండేసి వేళ్ళ ఎడంతో ఎర్రదారం కుట్లు, వరస వెంట వరస, సగం బొంత మేర.

చీర దొరికిందన్న సంతోషం, ఆ కుట్లు చూసిన దుఃఖం, రెండూ ఒకేసారి వచ్చి తులసి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. కాస్త తేరుకుని సంగతి చెప్పింది. రత్తమ్మ దబ్బనం ఆపకుండా విన్నది. వెంకటదుర్గ అనే ఆవిడ కూతురు ప్రసవించిందట, రేపు సాయంత్రం బాలింతా బిడ్డా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తారట, ఈ బొంత వాళ్ళదట. కింద రెండు ముదురు రంగు చీరలు, మధ్యలో రెండు, పైన మాత్రం బిడ్డ ఒళ్ళు తగిలే పొర. వీరబాబు తెచ్చిన వాటిలో ఇంత మెత్తనిది ఇదొక్కటే.

తులసి పర్సు తీసింది. ఎంతైనా ఇస్తానంది.

"డబ్బులు తీసి బిడ్డ కింద పరుస్తానా?" అంది రత్తమ్మ. "పర్సు లోపల పెట్టమ్మాయ్. నాకు కావలసింది చీర. పాతది, నూలుది, ఉతికి ఉతికి మెత్తబడినది. కొత్తది పిల్లకి గుచ్చుకుంటుంది, పాలిస్టరు చెమట పట్టిస్తుంది. ఒక్కటి తెచ్చి నా చేతిలో పెట్టు, అప్పుడు దీని కుట్లు విప్పుతాను. తేలేదా, మీ అత్తగారికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

న్యాయమైన మాటే. తులసి మళ్ళీ ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. తలుపు తీసి లోపలికి వెళ్ళాక గానీ ఆమెకి తెలిసిరాలేదు, ఆ ఇంట్లో పాత నూలు చీర అన్నది లేదు. తనే ఒక్కటి మిగల్చకుండా ఊడ్చి పంపేసింది. ఉన్నవన్నీ పాలిస్టరు, లేకపోతే నిన్నామొన్న కొన్నవి. రెబెక్కా కూడా అదే మంగళవారం తనవన్నీ వేసి కుక్కరు తీసుకుంది. రంగులు వేసే నెల కదా, ఆ సందులో ఏ ఇంట్లోనూ పాత గుడ్డ నిలవలేదు. నాలుగిళ్ళు తిరిగి అడిగితే సాయంత్రానికి అత్తగారి చెవిన పడకుండా ఉంటుందా?

ఒక్క చీర ఉంది.

బీరువా పై అరలో, కవరు లోపల కవరులో, ఆకుపచ్చ రంగు నేత చీర, ఆవపువ్వు రంగు అంచు. అది తులసి వాళ్ళమ్మది. రెండేళ్ళ కిందట అమ్మ పోయిందని కబురొస్తే తులసి వెళ్ళింది. తండ్రి భీమరాజు గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, కూతురు పక్కనుంచి లోపలికి వెళ్తుంటే తల తిప్పుకున్నారు. వచ్చేసేటప్పుడు వదిన ఎవరూ చూడకుండా ఈ చీర ఆమె సంచిలో కుక్కింది. పుట్టింటి నుంచి తులసికి వచ్చినది అదొక్కటే. అది కట్టదు, ఉతకదు. ఎప్పుడైనా ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు తీసి ముఖానికి ఆనించుకుంటుంది.

వీడియోలో ఆవిడ లెక్క ప్రకారం ఈ చీర కూడా ఎప్పుడో వెళ్ళిపోవాల్సిందే. మంగళవారం తులసి చెయ్యి ఆ అర దాకా వెళ్ళి, అర తలుపు మూసి కిందకి దిగింది. ఇంకొకరి పెట్టె అడుగు దాకా తవ్విన చెయ్యి అది.

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. తులసి కవరు విప్పకుండా, వాసన చూసుకోకుండా, అలాగే చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. చూసుకుంటే ఇవ్వలేదని ఆమెకి తెలుసు.

రత్తమ్మ ఆకుపచ్చ చీరని బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపి చూసింది. మనిషి ముఖం కూడా చూసింది. ఇది ఎవరిదమ్మాయ్ అని అడిగితే, నాదేనండి అంది తులసి. ఆవిడ ఇంకేం అడగలేదు. ఒక బ్లేడు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ బొంతకి అటొకరూ ఇటొకరూ కూర్చుని కుట్లు తెంపడం మొదలుపెట్టారు. కుట్టు కింద బ్లేడు దూర్చి, దారం పైకెత్తి తెంపాలి. చెయ్యి ఏమాత్రం జారినా చీర చిరుగుతుంది. నలభై ఏడేళ్ళ నాటి నూలు, గట్టిగా ఊదితే విచ్చిపోయేలా ఉంది. తొందరపడితే పోతుంది, తొందరపడకపోతే టైము పోతుంది. రెండు గంటలైంది, రెండున్నరైంది. తులసి నుదుటి చెమట చీర మీద పడకుండా మాటిమాటికీ భుజానికి తుడుచుకుంటోంది. ఒకచోట దారం మొండికేస్తే చేత్తో లాగబోయింది. రత్తమ్మ ఆమె మణికట్టు మీద చిన్న దెబ్బ వేసి, గుడ్డతో పోట్లాడకమ్మాయ్, దారంతో పోట్లాడు అంది.

మూడున్నరకి చీర బయటికొచ్చింది. ఎక్కడా చిరగలేదు. కానీ వెలుతురుకి ఎత్తి చూస్తే సగం మేర చిల్లులే. దబ్బనం దిగిన ప్రతిచోటా ఒక చుక్క, వరసలు వరసలుగా, చీమల బారులా. వేపాకు వాసన కూడా లేదు. రత్తమ్మ సోడాలో ఉడకబెట్టి ఉతికేసింది. తులసి మడత పెట్టుకుని ఆటో ఎక్కింది. చిల్లులు లోపలికి వచ్చేలా మడిస్తే, కవరులో పెట్టి చూపిస్తే, కరెంటు దీపం వెలుతుర్లో అయితే కనబడకపోవచ్చు. దారంతా ఇదే ఆలోచన.

నాలుగుంపావుకి ఇల్లు చేరింది. గడప పక్కన దీనమ్మగారి చెప్పులున్నాయి.

చర్చి పాస్టరు అయ్యగారి భార్య దీనమ్మగారి ముఖంలో నీరసం చూసి, ప్రార్థన కాగానే ఎవరి బండి మీదో ముందే పంపేసిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి తులసికి కనబడింది మాత్రం, గది మధ్యలో మూత తెరిచి ఉన్న ట్రంకు పెట్టె, దాని చుట్టూ ఒక్కొక్కటిగా తీసి పేర్చిన వస్తువులు, గోడకి చేరబడి కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్తగారు. పక్కన నాలుక కింద పెట్టుకునే మాత్రల అట్ట, అందులో ఒక గుంట ఖాళీ.

"మాత్ర వేసుకున్నాను. కంగారుపడకు. కూర్చో," అన్నారు దీనమ్మగారు.

తులసి కూర్చోలేదు. కవరులోంచి చీర తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. దీనమ్మగారు మడత విప్పారు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. సాయంత్రపు ఎండ ఆ చిల్లుల్లోంచి వచ్చి ఆవిడ ముఖం మీద చుక్కలుగా పడింది. చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

ఇదేంటని అడిగారు. తులసి చెప్పింది. మంగళవారం, వీరబాబు, టబ్బు, రత్తమ్మ, ఏదీ దాచలేదు. మావయ్యగారు పోయినప్పటి చీర అనుకున్నానని, తెల్ల చీర ఇంట్లో ఉండకూడదని భయపడ్డానని చెబుతుంటే ఏడుపు వచ్చేసింది.

దీనమ్మగారి కుడి చెయ్యి గుండె మీదకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నారు. తులసి గబుక్కున వంగి ఫోను అందుకుని రమేష్ నంబరు నొక్కబోయింది.

"ఫోను పెట్టు. నొప్పి కాదు," అన్నారు ఆవిడ కళ్ళు తెరవకుండానే. "కోపం. దానికి మాత్ర ఇవ్వలేదు డాక్టరు గారు."

తులసి ఫోను పెట్టేసింది.

"మీ మావయ్య పోయిన రోజు నేను కట్టుకున్నది నీలం చీర. ఈ చీర మా అమ్మ నాట్లకి వెళ్ళి కూడబెట్టి ఉప్పాడలో కొన్నది. జరీది కొనలేకపోయింది. నాలుగేళ్ళయింది నువ్వు ఈ ఇంటికొచ్చి. నా పెట్టె తీసేముందు, అత్తయ్యా ఇదేంటి అని ఒక్క మాట అడగొచ్చు కదా. అడిగితే కొరుకుతానా?"

తర్వాత దీనమ్మగారే, కాస్త తగ్గిన గొంతుతో, "నేనూ చెప్పి ఉండాల్సింది," అన్నారు. "అక్కకి చెప్పాను గానీ ఇంట్లో ఉన్న మనిషికి చెప్పలేదు. వేరే పద్ధతిలో పుట్టిన పిల్ల కదా, శవానికి స్నానం చేయించమంటే జంకుతుందేమోనని. చీర సంగతి తెలిస్తే ఆ పని కూడా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను."

మళ్ళీ చీర చేతిలోకి తీసుకుని చిల్లుల మీద వేలు నడిపిస్తూ అడిగారు. "ఆ రత్తమ్మ ఊరికే విప్పి ఇచ్చేసిందా?"

బదులు చీర ఇచ్చానంది తులసి.

"ఏ చీర? పాతవన్నీ పంపేశావు కదా."

తులసి నేల చూపులు చూసింది.

"బీరువాలో ఆకుపచ్చదా? నేను పడుకున్నాననుకుని తీసి ముఖానికి పెట్టుకుంటావు చూడు, అదేనా?"

చూశారని తులసికి తెలియదు. రెండేళ్ళుగా చూసి కూడా ఊరుకున్నారని అసలు తెలియదు. తలూపింది. ఆ తలూపడంతో ఇన్ని గంటలూ అదిమిపెట్టినదంతా తెగి, చీర కోసం కాదు, అమ్మ కోసం ఏడ్చింది. దీనమ్మగారు ఊరుకోమనలేదు. ఏడవనిచ్చారు. గడియారం వంక చూశారు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డారు.

"పద. ఆవిడ కుట్టేసేలోగా వెళ్దాం."

ఎక్కడికని తులసి బెదిరిపోయింది. ఇప్పుడే మాత్ర వేసుకున్నారు, బ్యారేజీ దాటి అంతదూరం ఆటోలో కుదుపులకి వద్దండీ అని బతిమాలింది. కావాలంటే తను ఒక్కతే వెళ్తానంది.

"నువ్వొక్కదానివే వెళ్తే తిరిగి ఇదే పట్టుకొస్తావు. వినమ్మా. ఇది నేను పోయాక కట్టుకునేది. అప్పుడు నాకు తెలుస్తుందా ఏంటి, ఏం కట్టారో. అది నువ్వు బతికుండగా చూసుకునేది. రెంట్లో ఏది ఇంట్లో ఉండాలో ఆ మాత్రం నాకు తెలీదా?"

షేర్ ఆటో కాకుండా మామూలు ఆటో మాట్లాడుకున్నారు. ప్రతి గతుకు దగ్గరా తులసి అత్తగారి ముఖం వంక చూసింది. ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి, రోడ్డు వంకే చూశారు. మధ్యలో ఒకసారి ఆయాసం వచ్చి ఆటో ఆపమన్నారు. రెండు నిమిషాలు గాలి పీల్చుకుని, పోనీ బాబూ అన్నారు.

రత్తమ్మ అప్పటికి ఆకుపచ్చ చీర పరిచి, ఒక మూల నుంచి ఐదు వరసలు కుట్టేసింది. వాళ్ళు చెప్పింది విని కళ్ళద్దాలు తీసి నేల మీద పెట్టింది. అత్తాకోడళ్ళు కలిసి నా చేత బొంత కుట్టిస్తున్నారా విప్పిస్తున్నారా అని సాధించింది. వెంకటదుర్గ రేపొచ్చి నా తల మీద కూర్చుంటుందంది. దీనమ్మగారు ఏమీ అనకుండా చాప అంచున కూర్చుని, బ్లేడు అడిగి తీసుకుని, ఆ ఐదు వరసలూ తనే విప్పడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ చీర కాబట్టి ఎంతో నెమ్మదిగా. రత్తమ్మ కాసేపు గొణిగి, కాసేపు చూసి, తర్వాత రెండో కొస నుంచి తనూ విప్పింది.

"ఆలోచించుకోండమ్మా. ఈసారి కుట్టానంటే దేవుడు దిగొచ్చి అడిగినా విప్పను," అంది.

"కుట్టు," అన్నారు దీనమ్మగారు. ఆకుపచ్చ చీర మడిచి తులసి చేతిలో పెట్టారు.

తెల్ల చీర ఆవిడే పరిచారు. ముడతలు లేకుండా అరచేత్తో ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిరారు. పుట్టింది ఆడపిల్లా అని అడిగారు. ఆడపిల్లేనట. నీలం అంచు లోపలికి మడవమన్నారు. రత్తమ్మ దారం ఎక్కించుకుని సిద్ధంగా ఉంది. దీనమ్మగారి చెయ్యి మాత్రం ఇంకా చీర మీదే ఉంది. రోడ్డు మీద ఒక ట్రాక్టరు వెళ్ళిపోయింది.

"చెయ్యి తియ్యండమ్మా. దబ్బనం గుచ్చుకుంటుంది," అంది రత్తమ్మ, ఇంతసేపట్లో మొదటిసారి మెత్తగా.

తీశారు.

తిరుగు ఆటోలో బ్యారేజీ మీదకి ఎక్కేసరికి గాలి చల్లబడింది. తులసి ఆకుపచ్చ చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పట్టుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ఎల్లుండి గురించి ఒక్క ప్రశ్న నాలుక చివర ఉంది. అడగలేకపోతోంది. దీనమ్మగారే అందుకున్నారు.

"తెల్లది కొనకు. నీకు తెల్ల చీరంటే భయం. నాకున్నవాటిలోదే ఏదో ఒకటి చూడు."

మీరు తిరిగొస్తారండీ, అలా మాట్లాడకండి అంది తులసి.

"వస్తే మంచిదే, వచ్చి వండుకు తింటాను. రాకపోతే సంగతి చెబుతున్నాను, మధ్యలో రాకు. అక్క కోసం చూడొద్దు. నువ్వే స్నానం చేయించు, నువ్వే కట్టు. పిన్నీసులు పెట్టకు, నాకు గుచ్చుకుంటే పడదు. జుట్టు ముడెయ్యి, జడొద్దు."

ఆటో అబ్బాయి పాట తగ్గించాడు. తులసి కళ్ళు తుడుచుకుంది. ఫోన్లో రాసుకుందామని తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. ఇవి రాసుకునేవి కాదు.

"కుచ్చిళ్ళు ఎన్ని పొయ్యమంటారండీ?" అని అడిగింది.

"ఇదివరకు ఏడు పోసేదాన్ని," అన్నారు దీనమ్మగారు, నడుం తడుముకుని చూసుకుంటూ. "ఇప్పుడు లావయ్యాను కదా. ఐదు వస్తే గొప్ప."